కడుపులో బిడ్డ గుండె, అమ్మ షుగర్

అక్కలకు, వదినలకు నమస్తే. నిన్న మా చెల్లెను హన్మకొండలో స్కానింగ్‌కు తీసుకెళ్లాను. ఐదో నెల. పెళ్లికి ముందు నుంచే షుగర్ ఉంది కాబట్టి డాక్టరమ్మ విడిగా ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండెను చూసే స్కాన్, రాశారు. తెర మీద నాలుగు గదులూ టపటపా కొట్టుకుంటుంటే దాని కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఎందుకు చెప్తున్నానంటే, బిడ్డ గుండె మొదటి 8 వారాల్లోనే తయారవుతుంది, అంటే నెల తప్పిందని తెలిసేసరికే చాలా పని అయిపోతుంది, అప్పుడు షుగర్ ఎక్కువుంటే గుండెలో రంధ్రం లాంటి లోపాల ముప్పు పెరుగుతుంది. అందుకే ముందే షుగర్ ఉన్నవాళ్లు పిల్లల కోసం అనుకున్నప్పుడే డాక్టర్‌ను కలిసి హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.5 శాతం లోపుకు తెచ్చుకోవాలి.

ఆరో నెలలో కొత్తగా బయటపడే షుగర్ వేరు. అప్పటికి గుండె తయారై ఉంటుంది, కానీ తల్లి షుగర్ బిడ్డకు చేరి, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై కొందరికి గుండె గోడలు మందమవుతాయి. పుట్టాక కొన్ని నెలల్లో చాలావరకు తగ్గిపోతుంది, టెన్షన్ పడకండి.

ఈ కొత్త షుగర్‌ను కనిపెట్టే గ్లూకోజ్ నీళ్ల టెస్టు వాంతి వస్తుందని ఎగ్గొట్టకండి. ఇన్సులిన్ సూది బిడ్డకు చేటని పెద్దవాళ్లు అంటే నమ్మి ఆపేయకండి, అది నిజం కాదు. ఫీటల్ ఎకో 18 నుంచి 24 వారాల మధ్య చేస్తారు, ఎవరికైనా తోడు కావాలంటే నాకు ఫోన్ చేయండి, వస్తాను.