సిఫారసు వీడియోల వల్ల మైనరు బాలికకు జరిగిన హానిపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

వీడియో యాప్ సంస్థ భారతదేశ ఫిర్యాదుల అధికారి గారికి,

ఆర్యా,

పదో తరగతి చదువుతున్న మా మేనకోడలికి మీ యాప్ చూపిన వీడియోల గురించి, వాటిని మేము రిపోర్టు చేసినప్పుడు మీ సంస్థ ఇచ్చిన జవాబు గురించి ఈ ఫిర్యాదు రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో ఆ పిల్ల బరువు తగ్గే చిట్కాల కోసం మీ యాప్‌లో వెతికింది. ఆ తరువాత, తాను అడగకుండానే, తిండి మానేయడాన్ని గొప్పగా చూపే వీడియోలు, ఆపైన బతుకు మీద విరక్తి పుట్టించే వీడియోలు ఒకదాని వెనుక ఒకటి రాసాగాయి. క్రమంగా భోజనానికి రావడం మానేసింది, రాత్రుళ్లు నిద్ర పోలేదు, చివరికి తాను ఉన్నా లేకపోయినా ఒకటేనని మా చెల్లెలితో అనేదాకా వెళ్లింది. ప్రస్తుతం బరంపురంలో మానసిక వైద్యురాలి చికిత్సతో కోలుకుంటోంది. పిల్లల దిగులుకు కారణాలు అనేకం ఉంటాయని ఆ వైద్యురాలు చెప్పారు, నేనూ నింద మొత్తం మీ మీద వేయడం లేదు. కానీ దిగులుగా ఉన్న పిల్లకు ఆ దిగులునే మళ్లీ మళ్లీ వడ్డించినందుకు మీరు జవాబు చెప్పాలి.

వీడియోలు పెట్టేది వాడుకరులేనని, మీది వేదిక మాత్రమేనని మీ జవాబులో ఉంది. వీడియో ఎవరు తీసినా, దాన్ని ఏ పిల్లకు, ఏ వేళ, ఎన్నిసార్లు చూపాలో నిర్ణయించినది మీ సిఫారసు వ్యవస్థే కనుక ఆ నిర్ణయం మీది. లండన్‌లో 14 ఏళ్ల మోలీ రసెల్ మరణంపై విచారణ జరిపిన కరోనర్ (మరణ కారణాలు తేల్చే అధికారి), ఆన్‌లైన్‌లో ఆమె చూసినవి ఆ మరణానికి నామమాత్రం కంటే ఎక్కువగానే కారణమయ్యాయని 2022లోనే తేల్చారు. ఆ తరువాత కూడా ఇలాంటి హాని ఊహించలేదని ఏ సంస్థా చెప్పజాలదు.

మాకు మరింత బాధ కలిగించినది ఇంకొకటి ఉంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ సరిహద్దు పిల్లకు తెలుగు వీడియోలే చూపాలని మీ వ్యవస్థ పసిగట్టగలిగింది. అవే వీడియోలను రిపోర్టు చేస్తే మాత్రం ఉల్లంఘన ఏదీ లేదని ఇంగ్లీషులో ముందే రాసిపెట్టిన ఒక జవాబు వచ్చింది, తెలుగు తెలిసిన మనిషి ఎవరైనా వాటిని చూసిన ఆనవాలే అందులో లేదు.

కాబట్టి ఆ వీడియోలను తెలుగు వచ్చిన వారిచేత పరిశీలింపజేసి తొలగించాలని, ఆమె ఖాతాకు ఏ ప్రాతిపదికన వాటిని సిఫారసు చేశారో రాతపూర్వకంగా తెలియజేయాలని, 18 ఏళ్లలోపు వారి ఖాతాలకు ఇటువంటి సిఫారసులను నిలిపివేయాలని కోరుతున్నాను. పిల్లల క్షేమానికి హాని కలిగించే విధంగా వారి డేటాను వాడరాదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. దాన్ని పాటించడానికి మీరు అమలు తేదీ కోసం ఎదురుచూడవలసిన పని లేదు.

2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలిపి, నిర్ణీత గడువులో పరిష్కరించవలసి ఉంది. అలా జరగకపోతే కేంద్ర ప్రభుత్వం నియమించిన ఫిర్యాదుల అప్పిలేట్ కమిటీకి వెళతాము. జవాబు తెలుగులో ఇవ్వగలరు.

భవదీయుడు,
బాలిక మేనమామ