జెట్ జోలికి ఇప్పుడే వెళ్లకు

బుజ్జీ,

మారుతి 800 కార్బొరేటర్ ఇంజిన్‌కి మీ టీమ్ టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టేది) బిగించిన బండి వీడియో, నువ్వు పంపింది, చూశాను. షెడ్డులో గోలగా ఉందని ఇంటికొచ్చాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే బండి బాగానే లాగింది, టర్బో ఈల కూడా వినపడింది, ఆ తర్వాత రెండు సెకన్లకే టపటపా కొట్టుకుంటూ పికప్ పడిపోయింది. మీ టీమ్‌లో అబ్బాయిలు మెయిన్ జెట్, అదే కార్బొరేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం, పెద్దది వేసేద్దాం అంటున్నారని రాశావు. ఇప్పుడే వద్దమ్మా. జెట్ చిన్నదైతే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) ఎక్కిన క్షణం నుంచే లీన్‌గా, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా, ఉంటుంది, ముందు బాగా లాగి తర్వాత పడిపోదు. ఇక్కడ కార్బొరేటర్ బౌల్‌లో, అంటే పెట్రోల్ నిలవుండే చిన్న గిన్నెలో, ఉన్న పెట్రోల్ అయిపోతోంది, అయిపోయినంత వేగంగా వెనకనుంచి రావట్లేదు. ఖాళీ బౌల్‌కి ఎంత పెద్ద జెట్ పెడితే మాత్రం ఏం లాభం?

మారుతి 800 ఇంజిన్ అంటే 796 సీసీ, మూడు సిలిండర్లు, దాని కార్బొరేటర్ మామూలు గాలి పీల్చుకోవడానికి చేసింది. మీరు ఇప్పుడు టర్బో నుంచి 6 పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) గాలిని తెచ్చి దాని నెత్తి మీద పెట్టారు. ఆ ప్రెషర్ బౌల్‌లో కూడా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ మీ మెకానికల్ పంపు ఇచ్చేదే 3, 4 పీఎస్‌ఐ. లోపల 6 ఉన్న చోటికి బయటి 3 ఎలా వెళ్తుంది? అవతల పెద్దవాళ్లు గట్టిగా పట్టుకున్న తలుపుని ఇవతల చిన్నపిల్ల నెట్టినట్టే. అందుకని పెట్రోల్ ప్రెషర్ బూస్ట్‌తో పాటు పెరగాలి. బూస్ట్ లేనప్పుడు 3 ఉంటే, 6 బూస్ట్‌లో 9 ఉండాలి. అప్పుడు బౌల్‌లోకి పెట్రోల్ వదిలే నీడిల్ వాల్వ్ మీద పడే తేడా ఎప్పుడూ ఆ 3 మాత్రమే.

దీనికి కరెంటు పంపు, బూస్ట్ గొట్టం తగిలించుకునే రెగ్యులేటర్, ట్యాంకుకి రిటర్న్ లైను కావాలి. ఎంపీఎఫ్‌ఐ బండి, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లున్న బండి, రెగ్యులేటర్ తెచ్చి పెట్టొద్దు, అది 40 పీఎస్‌ఐ దగ్గర పనిచేసేది, నీడిల్‌ని తోసేసి కార్బొరేటర్‌ని ముంచేస్తుంది. ఆ బూస్ట్ గొట్టం ఎక్కడినుంచి తీస్తున్నారో దగ్గరుండి చూడు. థ్రాటిల్ కింద మానిఫోల్డ్ (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టాలు) నుంచి తీస్తే మామూలుగా నడిపేటప్పుడు అక్కడ వాక్యూమ్ ఉంటుంది, లెక్కంతా తప్పుతుంది. కార్బొరేటర్ పైన, గాలి లోపలికి వచ్చే చోటే తియ్యాలి, ఎందుకంటే బౌల్ కూడా అదే గాలిని చూస్తోంది. బౌల్ వెంట్, అంటే బౌల్‌కి గాలి తగిలే రంధ్రం, బయటి గాలికి ఎక్కడైనా తెరుచుకుని ఉంటే మూసెయ్యండి, లేకపోతే బూస్ట్ వచ్చినప్పుడు జెట్ దగ్గర పెట్రోల్ వెనక్కి నెట్టుకుపోతుంది, వెంట్ లోంచి బయటికి కూడా చిమ్ముతుంది.

పంపు సరిపోతుందో లేదో బాటిల్‌తో చూసుకోవచ్చు. 50 హార్స్‌పవర్ వస్తుందనుకో, టర్బో పెట్రోల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి 270 గ్రాములు తాగుతుందని వేసుకుంటే 13 కిలోలు దాటుతుంది, అంటే 18 లీటర్లు, నిమిషానికి 300 మిల్లీలీటర్ల చిల్లర. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, గేజ్, ఒక చిన్న ట్యాప్ బిగించి, గేజ్‌లో 9 వచ్చేదాకా ట్యాప్ తిప్పి, ఒక నిమిషం బాటిల్‌లో పట్టు. పైపు వదిలేసి పడితే ఏ పంపైనా గలగలా పోస్తుంది, అది లెక్కలోకి రాదు. 9 దగ్గర అర లీటరు పైన వస్తే నిశ్చింత. పంపు బాగుండి కూడా బండి అలాగే పడిపోతుంటే అప్పుడు ఫిల్టర్, ఆ తర్వాత నీడిల్ సీటు రంధ్రం చూడు. ఈ బాటిల్ పరీక్ష ఆరుబయట, ఇంజిన్ చల్లారాక, పక్కన ఫైర్ సిలిండర్ పెట్టుకుని చెయ్యాలి. నువ్వు నా కూతురివి, ఈ ఒక్క విషయంలో తొందరపడితే నేను ఊరుకోను.

మీ సార్ టర్బోకి ముందే కార్బొరేటర్ పెట్టొచ్చు కదా అన్నారన్నావు. పెట్టొచ్చు, 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అలాంటిదే, ఈ ప్రెషర్ గొడవ ఉండదు. కానీ పెట్రోల్ టర్బో లోంచి, పైపులన్నీ తిరిగి రావాలి, గాలిని చల్లబరచడానికి మీరు పెట్టిన ఇంటర్‌కూలర్‌లో అది చెమ్మపట్టి నిలిచిపోతుంది. 1985 రెనో 5 జీటీ టర్బో మీలాగే టర్బో తర్వాత సోలెక్స్ కార్బొరేటర్‌తో వచ్చింది, మీ సార్‌కి ఆ పేరు చెప్పు.

ఇంకో మాట. సాలూరు లారీల మీద పనిచేసినవాళ్లకి టర్బో అంటే డీజిలే. పి.కోనవలస ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ ఎక్కువైతే నల్లపొగ, వేడి, గాలి ఎక్కువైతే ఏ నష్టమూ లేదు. పెట్రోల్‌లో తీరు వేరు. బూస్ట్‌లో పెట్రోల్ తగ్గిందా, నాకింగ్ (మిశ్రమం దానంతటదే పేలడం) మొదలై పిస్టన్ తల కరుగుతుంది, పొగ కూడా కనపడదు. అందుకే పెట్రోల్ డెలివరీ సరిగ్గా ఉందని తేలేదాకా ఫుల్ లోడు పెట్టొద్దంటున్నాను.

అది తేలాక జెట్‌కి రా. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంది, బరువులో ఒక పాలు దానికి సరైన గాలి 14.7 పాళ్లు కాదు, 13.5 దగ్గర. కంప్యూటర్ ఉన్న బండి అదే సర్దుకుంటుంది, కార్బొరేటర్ సర్దుకోదు, పాత జెట్‌తో ముందే కాస్త లీన్‌గా ఉంటుంది. పొగ గొట్టంలో మిశ్రమం కొలిచే వైడ్‌బ్యాండ్ మీటర్‌ని లాంబ్డాలో (సరిపోయిన మిశ్రమం 1, అంతకన్నా తక్కువైతే పెట్రోల్ ఎక్కువ) పెట్టుకో, బూస్ట్‌లో 0.80 చుట్టూ ఉండేలా జెట్ ఒక్కొక్క సైజు పెంచుతూ రండి. స్పార్క్ టైమింగ్ ఒక పీఎస్‌ఐ బూస్ట్‌కి ఒక డిగ్రీ లెక్కన వెనక్కి తీసి మొదలుపెట్టండి, మోటు లెక్కే గానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కి ఉబ్బుతాయి, అన్నీ మార్చెయ్యండి. థ్రాటిల్ షాఫ్ట్ అరిగి ఉంటే బూస్ట్‌లో అక్కడినుంచి పెట్రోల్ తుంపర బయటికొస్తుంది, సరిగ్గా టర్బో ఎర్రగా కాలే పక్కనే, వేలితో కదిపి చూడు. ఇంజిన్ ఆగితే పంపు కూడా ఆగిపోయేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్ నుంచి వైరింగ్ ఇయ్యి. ఖర్చుకి చూసుకోకు, డబ్బులు రేపు వేస్తాను.

మీటర్ ఒక్కటే నమ్ముకోవద్దు. అది మూడు సిలిండర్ల సగటు చూపిస్తుంది, ఒక్క కార్బొరేటర్ నుంచి మూడింటికీ పెట్రోల్ సమానంగా వెళ్లదు. బూస్ట్‌లో లాగించి, క్లచ్ తొక్కి అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, ప్లగ్గులు తీసి చూడండి. పింగాణీ మీద సన్నటి మెరిసే చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం, ఇంక ఆ రోజుకి ఆపెయ్యండి. మూడు ప్లగ్గులూ వరసగా పెట్టి, ఏది ఏ సిలిండర్‌దో కాగితం మీద రాసి పక్కన పెట్టి, ఎండలో ఫొటో తీసి నాకు పంపు.

నాన్న
విజయనగరం