మంత్రి గారూ, గోడ మీద సంతకం పెట్టే ముందు ఇసుక లెక్క అడగండి

తీర ప్రాంతాల బాధ్యత చూస్తున్న మంత్రి గారికి,

నమస్కారం. మీ పేరు గానీ, మీ ప్రభుత్వం పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. సముద్రం ఉన్న ప్రతి చోటా ఈ బాధ్యత ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది, ఏదో ఒక రోజు వాళ్ల టేబుల్ మీదకు ఇదే ఫైలు వస్తుంది. ఫలానా చోట సముద్రం ముందుకొచ్చేసింది, రోడ్డు కోసుకుపోయింది, ఇళ్లు కూలుతున్నాయి, వెంటనే ఇన్ని కిలోమీటర్ల రాతి గోడ కట్టాలి అని. బయట ఇల్లు పోయినవాళ్లు ఏడుస్తుంటారు, కెమెరాలు ఉంటాయి, ఆ టెన్షన్‌లో ఎవరైనా సంతకం పెట్టేస్తారు. నేను రాస్తున్నది ఆ సంతకం గురించే.

పెట్టొద్దని అనడం లేదు. పెట్టేముందు ఆ ఫైలు తెచ్చిన ఇంజినీర్లను ఒక్క మాట అడగమంటున్నాను: ఈ ఒడ్డుకు ఇసుక ఎక్కణ్ణించి వచ్చేది, ఇప్పుడెందుకు రావడం లేదు? దానికి జవాబు లేకపోతే ఫైలు వెనక్కి పంపండి.

ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. మ్యాపులో తీరం ఒక గీతలా కనిపిస్తుంది కాబట్టి అది ఎప్పటికీ అక్కడే ఉండాలనీ, కదిలితే ఏదో తప్పు జరిగినట్టేననీ అనుకుంటాం. కానీ అది ఇసుక నడిచే దారి. అల చాలాసార్లు ఒడ్డుకు సూటిగా రాదు, ఏటవాలుగా వచ్చి పడుతుంది, ఇసుకను కూడా ఏటవాలుగానే పైకి తోస్తుంది, వెనక్కి పోయే నీళ్లు మాత్రం వాలు వెంట తిన్నగా కిందికి జారతాయి. అందుకే ఇసుక రేణువు బయల్దేరిన చోటికి తిరిగి రాదు, కాస్త పక్కకు చేరుతుంది. మళ్లీ అల వస్తుంది, మళ్లీ జరుగుతుంది. పగలూ రాత్రీ ఇదే పని. చాలా తీరాల్లో ఒక్క ఏడాదిలో ఒక చోటు దాటి ఇలా వెళ్లిపోయే ఇసుక లక్షల ఘనపు మీటర్లు ఉంటుంది. ఇవాళ మీ కాళ్ల కింద ఉన్న ఇసుక కొన్నాళ్లకు పక్క ఊరి ముందు ఉంటుంది, ఎగువనుంచి వచ్చిన ఇసుక మీ ముందు పరుచుకుంటుంది, వచ్చేదీ పోయేదీ సమానంగా ఉన్నన్నాళ్లూ తీరం కదలనట్టే కనిపిస్తుంది.

ఈ ఇసుక నదులు మోసుకొచ్చింది, కొండ అంచులు విరిగి పడింది, సముద్రం అడుగునుంచి అలలు తోసుకొచ్చింది. నది మీద డ్యామ్ కట్టామంటే ఇసుక, ఒండ్రు ఆ రిజర్వాయర్‌లోనే కూర్చుంటాయి. నైలు నదికి జరిగింది అదే. 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక ఒండ్రు దాదాపు అంతా వెనకే ఆగిపోయింది, వేల ఏళ్లుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన డెల్టా అంచు, నది పాయ సముద్రంలో కలిసే రొసెట్టా దగ్గర, అంతకుముందే మొదలైన కోత ఇంకా పెరిగి వెనక్కి జరిగింది. డ్యామ్ ఉన్నది తీరానికి వందల కిలోమీటర్ల ఎగువన. నదుల శాఖ ఒకరిదీ తీరం శాఖ ఇంకొకరిదీ అయినప్పుడు ఈ రెండింటికీ ఉన్న సంబంధం ఏ ఫైలులోనూ కనిపించదు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి, ఎందుకంటే చాలా గోడలు దీన్ని మర్చిపోవడం వల్లే లేస్తున్నాయి. తుఫాను వచ్చినప్పుడు పెద్ద అలలు ఒడ్డు మీది ఇసుకను లాక్కెళ్లి, కొంచెం లోపల నీటి కింద తిన్నెలా పోస్తాయి. తర్వాత వచ్చే పెద్ద అలలు ఆ తిన్నె మీదే విరిగిపోయి ఒడ్డుకు చేరేసరికి బలం తగ్గిపోతాయి. అంటే ఒడ్డు తన ఇసుకను ముందుకు పంపి తనే కాపాడుకుంటోందన్నమాట. గాలి తగ్గాక చిన్న అలలు నెమ్మదిగా, వారాలూ నెలలూ పట్టినా సరే, ఆ ఇసుకలో చాలా భాగాన్ని మళ్లీ పైకి తెస్తాయి. తుఫాను మర్నాడు తీసిన ఫొటో చూసి 'తీరం పోయింది' అని నిర్ణయించడం అందుకే తప్పు. కొన్నేళ్ల కొలతలు చూస్తే గానీ అది రుతువుల మార్పో, నిజంగా ఇసుక తరిగిపోవడమో తెలియదు. ఒడ్డు వెనక ఉండే ఇసుక దిబ్బలు కూడా ఇలాంటి రోజు కోసమే ఉన్నాయి. వాటిని చదును చేసి రోడ్డు వేసి, తర్వాత ఆ రోడ్డును కాపాడమని గోడ అడుగుతున్నారు!

గోడ కట్టాక ఏమవుతుందో చూడండి. వాలుగా ఉన్న ఇసుక మీద అల పాకుతూ వెళ్లి తన బలాన్ని పోగొట్టుకుంటుంది. నిటారు గోడకు తగిలితే ఆ బలం వెనక్కి మళ్లి, గోడ పాదం దగ్గరి ఇసుకను తోడేస్తుంది. వెనకున్న దిబ్బ నుంచి ఒడ్డుకు ఇసుక అందే దారి కూడా మూసుకుపోతుంది. ఆ తీరంలో కోత ముందునుంచీ ఉంటే కొన్నేళ్లకు గోడ మిగులుతుంది, దాని ముందు బీచ్ మిగలదు. పడవలు లాగి పెట్టుకోవడానికీ, వలలు ఆరేసుకోవడానికీ చోటు పోతుంది. గోడ చివర కోత ఇంకా ఎక్కువవుతుంది, అక్కడివాళ్లు వచ్చి మాకూ గోడ కావాలంటారు, వాళ్లను తప్పు పట్టలేం.

ఇసుకను నిలపడానికి ఒడ్డునుంచి సముద్రంలోకి అడ్డంగా కట్టే గట్లు, అంటే గ్రోయిన్లదీ, అలల నుంచి రేవును కాపాడే హార్బర్ బ్రేక్‌వాటర్లదీ ఇదే కథ, కాకపోతే కళ్లకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మీరొకసారి అలాంటి కట్ట చివరిదాకా నడిచి రెండు పక్కలా చూడండి. ఒక పక్క ఇసుక మేట వేసి బీచ్ వెడల్పుగా ఉంటుంది, రెండో పక్క ఒడ్డు లోపలికి కొరికేసినట్టు ఉంటుంది. ఇవతల పోగైన ఇసుకే అవతల లేని ఇసుక. ఒక ఊరిని కాపాడామని మనం బోర్డు పెట్టిన చోట పక్క ఊరికి రావాల్సిన ఇసుకను ఆపాం. ఆ ఊరివాళ్లను ముందు ఎవరూ అడగలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. ఇంగ్లండ్‌లోని డెవాన్ తీరంలో హాల్‌శాండ్స్ అనే జాలరి ఊరు ఉండేది. ప్లిమత్ దగ్గర నౌకాదళ రేవును పెంచడానికి కాంక్రీటుకు గులకరాళ్లు కావాల్సి వచ్చి, 1897లో ఆ ఊరి ముందు సముద్రంలో తవ్వకం మొదలుపెట్టారు. తవ్వినదాన్ని సముద్రమే మళ్లీ నింపుతుందని నమ్మారు. నింపలేదు, ఎందుకంటే ఆ గులకరాళ్లు ఏనాడో పోగుపడ్డవి, కొత్తగా వచ్చేవి లేవు. ఒడ్డు మట్టం పడిపోతూ వచ్చింది, ఊరివాళ్లు మొత్తుకున్నారు, 1902లో తవ్వకం అనుమతి రద్దు చేశారు. అప్పటికే లక్షల టన్నులు పోయాయి. 1917 జనవరి చివర్లో పెద్ద పోటు సమయంలో తుఫాను వచ్చింది. ఎవరి ప్రాణమూ పోలేదు కానీ ఆ ఏడాది గడిచేసరికి ఊళ్లో ఉండడానికి పనికొచ్చే ఇల్లు ఒక్కటే మిగిలింది. అనుమతి ఇచ్చిన రోజుకూ ఊరు పోయిన రోజుకూ మధ్య ఇరవై ఏళ్లు. సంతకం పెట్టినవాళ్లు అప్పటికి ఆ కుర్చీలో ఉండరు, అందుకే ఈ ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను.

మరేం చేయాలి అని మీరడగొచ్చు. నెదర్లాండ్స్ సముద్రంతో పోరాడి బతికిన దేశం, కట్టల విషయంలో వాళ్లకున్నంత అనుభవం ఎవరికీ లేదు. వాళ్లే 1990లో, ఇసుక తీరాలను వీలైనంతవరకు ఇసుకతోనే నిలబెడతామని విధానం మార్చుకున్నారు. సముద్రం లోపలినుంచి ఇసుక తోడి ఏటా ఒడ్డుకు పోస్తున్నారు. 2011లో ఇంకో అడుగు వేసి, ఒకే చోట 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను కొక్కెం ఆకారంలో పోసి వదిలేశారు, మిగతా తీరానికి దాన్ని పంచే పని గాలికీ అలలకీ అప్పగించారు. ఇసుక ఇంజిన్ అని దానికి పేరు. ఇది చౌక కాదు, ఒకసారి పోసి చేతులు దులుపుకునేదీ కాదు. తోడే చోట సముద్రం అడుగున ఉండే జీవాలకు నష్టమూ ఉంది. అయినా పక్క ఊరి ఇసుకను ఆపకుండా మన ఒడ్డును నిలబెట్టే దారి ఇది.

కొన్నిచోట్ల వెనక్కి జరగడమే మంచిది. ఈ మాట అనడానికి రాజకీయ నాయకులకు ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో మెడ్‌మెరీ దగ్గర గులకరాళ్ల గట్టును ఏటా చలికాలం బుల్డోజర్లతో ఎగదోస్తూ ఉండేవారు, అది తెగుతూనే ఉండేది. చివరికి లోపలివైపు దాదాపు ఏడు కిలోమీటర్ల కొత్త కట్ట కట్టి, 2013లో పాత గట్టును వాళ్లే తెంచి సముద్రాన్ని లోపలికి రానిచ్చారు. మధ్య నేలలో ఇప్పుడు ఆటుపోట్లు వచ్చిపోయే చిత్తడి పెరుగుతోంది, అల కట్టను చేరేలోపే దాని బలాన్ని అది మింగుతుంది. వేడి ప్రాంతాల తీరాల్లో మడ అడవులు ఈ పనే చేస్తాయి, వాటిని నరికిన చోట రాళ్లు పోయడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

వెనక్కి జరగమనేటప్పుడు మాత్రం అక్కడున్న మనుషులను మర్చిపోవద్దు. సముద్రం మీద బతికేవాళ్లను సముద్రం కనిపించని కాలనీలో పెట్టి పునరావాసం ఇచ్చాం అనకండి. ఇంటి స్థలం, పడవ పెట్టుకునే చోటు, ఒడ్డు మీద వాళ్ల హక్కు, ఈ మూడూ కలిసి రావాలి, అదీ ఇల్లు కూలాక కాదు, ఇంకా పదేళ్లు ఉందనగానే మాట్లాడాలి. పెద్ద నగరం, రేవు ఉన్న చోట గోడ తప్పకపోవచ్చు, దానికి నేను అడ్డు చెప్పను. అక్కడ కూడా దిగువ ఊళ్లకు ఆగిపోయే ఇసుకను ఎవరు ఎలా అందిస్తారో అదే ఫైలులో, అదే బడ్జెట్‌లో రాసి ఉండాలి.

ఆలస్యం చేసే కొద్దీ పని కష్టమవుతుంది. వాతావరణ మార్పులను అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ లెక్క ప్రకారం 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, అందులో 2006 నుంచి 2018 దాకా ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. మట్టం పెరిగితే మామూలు తుఫాను అల కూడా ఇంకాస్త పైకి వచ్చి కొడుతుంది, ఇసుక తక్కువైన ఒడ్డుకు ఆ దెబ్బ ముందు తగులుతుంది.

నేను అడిగేది చాలా చిన్నది. ఇంగ్లండ్, వేల్స్ తీరాన్ని ఇసుక కదలికను బట్టి 11 పెద్ద భాగాలుగా విడదీసి చూస్తారు, జిల్లా హద్దులను బట్టి కాదు. మీ తీరాన్నీ అలా విడదీయించండి. ఒక్కో భాగానికి ఇసుక ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఎక్కడ ఆగుతోంది అనేది ఏటా కొలిపించి, ఆ ఊళ్లవాళ్లు చదవగలిగే భాషలో బయట పెట్టండి. ఆ లెక్క జతచేయని గోడ ఫైలు ఏదీ మీ టేబుల్ దాకా రాకూడదని ఒక ఆర్డర్ ఇవ్వండి. ఇప్పుడు మీ ముందున్న ఫైలుతోనే మొదలుపెట్టండి. అందులో గోడ చివర ఎక్కడో చూసి, దాని పక్కనే ఉన్న ఊరి పేరు అడగండి, ఆ ఊరివాళ్లను పిలిపించి మాట్లాడాకే పెన్ను తీయండి.

ఇట్లు,
తీరం గురించి పట్టించుకునే ఒక పౌరుడు