మా నాన్నగారికి, మీ మాస్టారికి తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారు అస్వస్థులైన నాటి నుండి ఆయన కన్నుమూసిన తరువాతి రోజుల వరకు మా కుటుంబానికి అండగా నిలిచిన ప్రతి ఒక్కరికీ అమ్మ తరఫున, మా తోబుట్టువులందరి తరఫున హృదయపూర్వకంగా కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాము. ఎదురుగా నిలబడి చెప్పవలసిన మాటే అయినా అందరినీ కలుసుకోవడం సాధ్యపడనందున ఇలా రాసి విన్నవించుకుంటున్నాము. ఇందులో ఎవరి పేరూ ఉండదు. మూడు దశాబ్దాలకు పైగా హాజరుపట్టీ పిలిచిన మనిషి గురించి రాస్తూ ఒక్క పేరు వదిలేసినా ఆయన ఊరుకునేవారు కారు.

మొదటి కృతజ్ఞత, తన కూతురి లెక్కల గురించి సలహా అడగడానికి ఆ ఉదయం ఇంటికి వచ్చిన పాత విద్యార్థికి. మాట్లాడుతుండగానే నాన్నగారి నోరు ఒక పక్కకు వంగి, కుడి చేయి వాలిపోయి, మాట ముద్దగా రావడం గమనించిన ఆయన, కాసేపు పడుకుంటే సర్దుకుంటుందన్న మా మాటను వినిపించుకోకుండా, అప్పటి సమయాన్ని ఒక కాగితం మీద రాసుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది కనుక, డాక్టర్లు అడిగిన మొదటి ప్రశ్న ‘ఎప్పుడు మొదలైంది?’ అన్నదే. జవాబు ఆ కాగితం మీద ఉంది. ఆ తరువాత నాన్నగారు మా మధ్య గడిపిన కాలమంతా ఆ జవాబు వల్ల దక్కినదేనని మేము నమ్ముతున్నాము.

చేయి చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది కానీ మాట రాలేదు. ఎదుటివారు చెప్పేది అర్థమయ్యేది. తాను చెప్పదలచినదానికి మాత్రం పదం దొరికేది కాదు. భాషకు ఆధారమైన ఎడమవైపు మెదడు దెబ్బతిన్నా, క్రమం తప్పకుండా వల్లెవేసినవి చాలామందిలో మిగిలి ఉంటాయని స్పీచ్ థెరపిస్టు చెప్పి, ఎక్కాలు మొదలుపెట్టించారు. బట్టీ చదువును జీవితమంతా వ్యతిరేకించిన ఆయన నోట పదమూడో ఎక్కం తడుముకోకుండా రావడం చూసి అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. సాయంత్రాలు వంతులు వేసుకుని వచ్చి, ఆయన మాటను తాము అందుకుని పూర్తిచేయకుండా ఎంతసేపైనా ఓపికగా ఎదురుచూసిన పూర్వవిద్యార్థుల ఋణం మేము తీర్చుకోగలిగినది కాదు. వారిలో ఒకరు కావాలనే ‘పదమూడు ఎనిమిదులు నూట ఆరు’ అన్నప్పుడు నాన్నగారు చేయి పైకెత్తి ‘నూట నాలుగు’ అని స్పష్టంగా సరిదిద్దారు. జబ్బుపడిన తరువాత ఆయన మరొకరికి జవాబుగా చెప్పిన మొదటి మాట అదే.

ఆయన నేత్రదానానికి ముందే అంగీకార పత్రం రాసి ఉంచారు. కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర, కార్నియాను మరణించిన 6 గంటలలోపు సేకరించడం మంచిదని తెలిసి, అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోకుండా వచ్చి, తమ పని గౌరవంగా ముగించి వెళ్లిన నేత్రనిధి సిబ్బందికి, పెన్షన్ కాగితాల పనంతా తమ భుజాన వేసుకున్న సహోద్యోగులకు, రాత్రి విధుల్లోని నర్సులకు మా నమస్కారాలు.

ఇక నాన్నగారిని తలచుకుంటూ మీరు రాసిన ఉత్తరాల గురించి. అందరికన్నా ఎక్కువ మంది రాసినది మైదానంలో పాతిన కర్ర సంగతి. రెండువేల రెండు వందల ఏళ్లకు పూర్వం గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్, ఈజిప్టు దక్షిణాన ఉన్న సయీన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉండే రోజున, దానికి ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో నీడ కోణాన్ని కొలిచి, అది వృత్తంలో యాభయ్యో వంతని గ్రహించి, రెండు పట్టణాల మధ్య దూరాన్ని యాభైతో హెచ్చించి భూమి చుట్టుకొలతను అంచనా వేశాడు. నాన్నగారు ఉత్తరాన దూరంగా ఉన్న మరో పాఠశాలలోని మిత్రునితో మాట్లాడుకుని, ఒకే రోజు మధ్యాహ్నం రెండు చోట్లా పిల్లలచేత నీడలు కొలిపించేవారట. వచ్చిన జవాబు సుమారు 40,000 కిలోమీటర్ల అసలు కొలతకు ఎంత దూరంలో ఉన్నా ఫరవాలేదు. తేడా ఎందుకు వచ్చిందో చెప్పినవారికే మార్కులు. ‘కర్ర నిట్టనిలువుగా లేదండీ’ అన్నందుకు పూర్తి మార్కులు తెచ్చుకున్నానని ఒకరు ఇప్పటికీ గర్వంగా రాశారు.

మాకు తెలిసిన నాన్నగారు వేరు. ఉదయాన్నే చెల్లెళ్లకు జడలు వేసి, వంకరగా వచ్చిన పాపిటను మళ్లీ విప్పి దువ్వే మనిషి ఆయన. రాత్రిళ్లు జవాబుపత్రాలు దిద్దుతుంటే మేము చుట్టూ చేరవచ్చు, విడిపోయిన కాగితాలకు దారం కట్టవచ్చు, కానీ మార్కుల వైపు చూడకూడదు. పక్కింటి పిల్లవాడి మార్కులు ఆ పిల్లవాడికన్నా ముందు మాకు తెలియడం అన్యాయమనేవారు. అమ్మకు మాత్రం ఆయనపై ఒక ఫిర్యాదు ఉండేది, అది న్యాయమైనదే. ఆదివారాలు చెప్పకుండా ఎక్కడికో వెళ్లి పొద్దుపోయాక వచ్చేవారు. అడిగితే ‘పని ఉంది’ అనేవారు. ఆ పని ఏమిటో మీ ఉత్తరాల వల్లనే తెలిసింది. బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి, వారి తల్లిదండ్రుల పక్కన కూర్చుని, వారు చేస్తున్న పనిలో చేయి వేస్తూ మాట్లాడేవారని, మూడో ఆదివారానికి తన తండ్రి ఒప్పుకున్నాడని రాసిన ఒక సోదరి ఉత్తరాన్ని అమ్మ రెండుసార్లు చదివించుకుంది. ‘ఒక్క మాట చెప్పి వెళ్లి ఉంటే నేనూ వెళ్లేదాన్ని’ అంది. ఆమె ఫిర్యాదు పూర్తిగా తీరిందని చెప్పలేము కానీ, ఇన్నేళ్లకు ఆ ఆదివారాలు ఎక్కడ గడిచాయో మాకు తెలిపినందుకు మీకు ప్రత్యేకంగా ధన్యవాదాలు.

ఈ ఉత్తరాలన్నిటినీ ఒక సంపుటిగా కుట్టించి, 1994 నుండి ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవంగా పాటిస్తున్న అక్టోబరు 5 నాటికి ఆయన పనిచేసిన పాఠశాల గ్రంథాలయానికి ఒక ప్రతి, రాసినవారికి తలా ఒక ప్రతి అందజేయాలని అనుకుంటున్నాము. ఇంకా రాయదలచినవారు దయచేసి కొంచెం పెద్ద అక్షరాలతో రాయగలరు. తరువాత వచ్చేవాటిని అమ్మ తానే చదువుకుంటానంటోంది. ఆయన దగ్గర తీసుకున్న పుస్తకాలు తిరిగి ఇవ్వాలా అని అడుగుతున్నవారు వాటిని తమ వద్దనే ఉంచుకోవలసిందిగా కోరుతున్నాము.