బాక్సు పెట్టారు సరే, లైను ఎవరు సరిచేస్తారు?

మేనేజర్ గారికి,
కేబుల్ టీవీ సంస్థ, తిరుపతి.
మార్చి 2017

విషయం: డిజిటల్‌కు మారాక ప్రసారం మాటిమాటికీ ఆగిపోవడం గురించి.

అయ్యా,

కేబుల్ టీవీని డిజిటల్‌కు మార్చే పనిలో మూడో దశ కిందికి వచ్చే మనలాంటి పట్టణాల్లో 2017 జనవరి 31తో పాత అనలాగ్ ప్రసారం ఆపేయాలని ప్రభుత్వం గడువు పెట్టింది. ఆ మాట చెప్పి మీవాళ్లు మా కొర్లగుంటలో ఇల్లిల్లూ తిరిగి సెట్‌టాప్ బాక్సులు బిగించారు. మేమూ కాదనలేదు. వచ్చినప్పుడు బొమ్మ బాగానే ఉంది. రానప్పుడే మా బాధ.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, కొండెక్కి చాలా ఏళ్లయింది. టీటీడీ వారి ఎస్వీబీసీ ఛానల్లో శ్రీవారి కల్యాణోత్సవం చూశాకే మధ్యాహ్నం అన్నం తింటుంది. మొన్న సరిగ్గా మాంగల్యధారణ వేళకు బొమ్మ చదరాలు చదరాలుగా విరిగి ఆగిపోయింది. మంత్రం సగంలో తెగింది. ఆ తర్వాత 'నో సిగ్నల్'. అమ్మ చాలాసేపు ఆ తెరనే చూస్తూ కూర్చుంది. ఇదివరకు సిగ్నల్ తగ్గితే తెర నిండా చుక్కలు పడేవి, గరగరమనేది, అయినా మంత్రం చెవిన పడేది. డిజిటల్‌లో అలా కాదు, సిగ్నల్ ఒక హద్దు కిందికి పడిపోతే బొమ్మా మాటా రెండూ పోతాయి. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చిన పాత వైర్లు, తుప్పు పట్టిన కనెక్టర్లు ఇక పనికిరావు. బాక్సుతో పాటు లైనూ మార్చాల్సింది మీరే.

మీ టెక్నీషియన్ వచ్చి "టీవీ పాతది సార్" అన్నాడు. అదే టీవీకి డీవీడీ ప్లేయర్ తగిలించి చూపించాను, ఏ ఇబ్బందీ లేదు. మా వీధి స్తంభం మీద సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ పెట్టెకు మూత ఊడిపోయి వైర్లు బయటికి వేలాడుతున్నాయి. అది చూడమంటే నిచ్చెన లేదని వెళ్లిపోయాడు.

ఒకే వైరుకు స్ప్లిట్టర్ పెట్టి రెండు టీవీలు చూసే రోజులు పోయాయి, టీవీకొక బాక్సు తప్పదు. అది ఒప్పుకుంటాం. కానీ డబ్బంతా ఒకేసారి కట్టమంటే ఎలా? బాక్సు అద్దెకూ, వాయిదాల మీదా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది. మీవాళ్లు ఎవరికీ చెప్పలేదు. మా పక్కింట్లో పూలు కట్టి అమ్ముకునే అక్క బాక్సు కొనలేక టీవీ మీద గుడ్డ కప్పేసింది. ఆమెకు ఆ అద్దె సంగతి చెప్పి ఉంటే సరిపోయేది కదా!

వెంటనే స్తంభం మీది పెట్టె, మా వైరు మార్చి, మీటరుతో సిగ్నల్ కొలిచి మా కళ్లముందే చూపించండి. ప్రసారం రాని రోజుల డబ్బు బిల్లులో తగ్గించండి. నెలనెలా రశీదు ఇవ్వండి. అద్దె, వాయిదా వివరాలు మీ ఆఫీసు బయట తెలుగులో రాసి పెట్టండి. ఈ ఫిర్యాదుకు నంబరు కూడా ఇప్పించగలరు.

ఇట్లు,
మీ కేబుల్ చందాదారు,
కొర్లగుంట, తిరుపతి.