బతికున్నవాళ్లను వంశవృక్షంలో ఎక్కించేముందు అడగరా?

సంపాదకుడు గారికి,

ఆన్‌లైన్ వంశవృక్షాల మీద పోయిన వారం మీరు వేసిన కథనం నిన్ననే తీరిగ్గా చదివాను. ముత్తాతల పేర్లు దొరికాయని సంబరపడ్డవాళ్ల మాటలన్నీ రాశారు. అదే వంశవృక్షంలో ఉన్న బతికున్నవాళ్ల సంగతి మాత్రం ‘వాటికి ప్రైవసీ నిబంధనలు ఉన్నాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఉన్నాయి, ఎవరు కాదన్నారు? అవి ఎలా పనిచేస్తున్నాయో కూడా రాయాల్సింది.

మరణం వివరం లేకుండా, పుట్టి 110 ఏళ్లు దాటని మనిషిని ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్ బతికున్నట్టే లెక్కేసి, ఆ ఎంట్రీని బయటివాళ్లకు చూపించదు. యాన్సెస్ట్రీ అనే మరో సైట్లో ఆ గడువు 100 ఏళ్లు. నియమం మంచిదే. కానీ తాళంచెవి ఎంట్రీ పెట్టినవాళ్ల చేతిలోనే ఉంది. వాళ్లు పొరపాటున ‘మరణించారు’ అని నమోదు చేస్తే చాలు, బతికున్న మనిషి పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లతో సహా అందరికీ కనబడిపోతాయి. ఇంకో దారి కూడా ఉంది. పోయిన పెద్దాయన పేజీకి పేపర్లో వచ్చిన సంతాప ప్రకటన జతచేస్తారు. కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో అంతా అందులోనే ఉంటుంది. ఇక వాళ్ల ఎంట్రీలు దాచి ఏం లాభం? పైగా ఇలా ఇట్టే దొరికిపోయే తల్లి పుట్టింటి ఇంటిపేరును భద్రతా ప్రశ్నగా అడిగే సంస్థలు ఇంకా ఉన్నాయి!

మా అమ్మాయి పుట్టిన తేదీ, పెళ్లి తేదీ ఒక సైట్లో అలాగే బయటపడ్డాయి. పెట్టింది మేం ఎప్పుడూ చూడని దూరపు బంధువు. తీసేయమని సైట్‌వాళ్లకు రాస్తే, ఆ మనిషి తనేనని రుజువుగా గుర్తింపు కార్డు పంపమన్నారు. పెట్టిన పెద్దమనిషిని మాత్రం ఏ రుజువూ అడగలేదు. ఇదెక్కడి న్యాయం?

జనగణన కాగితాలను అమెరికా ప్రభుత్వం 72 ఏళ్లు, బ్రిటన్ 100 ఏళ్లు దాచిపెట్టాకే బయటపెడుతుంది. మన బంధువులు ఒక్కరోజు ఆగరు. అడిగితే ‘ఇది మన ఇంటి వ్యవహారం’ అంటారు. తోటివాళ్ల వివరాలను అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టడం ఇంటి వ్యవహారం కాదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2003లోనే చెప్పింది. మైహెరిటేజ్ అనే ఇంకో వంశవృక్షాల సైట్ నుంచి 9.2 కోట్లకు పైగా ఖాతాల ఈమెయిళ్లు బయటికి పోయాయని 2018లో తేలింది. అలాంటిది జరిగినప్పుడు నాలుగు రోజులు హడావిడి చేసి, ఆ తర్వాత అధికారులూ మర్చిపోతారు, పత్రికలూ మర్చిపోతాయి. ఇంకొకరి గురించి రాసేముందు ఒక్క మాట అడిగే మర్యాద కూడా పోయింది.

బతికున్న మనిషి తీసేయమని రాస్తే ఆ రోజే ఎంట్రీ దాచేయాలి, విచారణ ఏదైనా ఉంటే ఆ తర్వాత చేసుకోవాలి. రుజువులు చూపించాల్సింది పెట్టినవాళ్లు. దీనికి ఒప్పుకుంటారా అని ఆ సైట్లవాళ్లను మీ విలేకరి అడగాలి, వాళ్లు ఇచ్చే జవాబును మొన్నటి కథనం వచ్చిన పేజీలోనే వేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు