ఆడోళ్ళు కూసున్న కాడ

పిన్నీసూ,

ఆలస్యానికి నువ్వెంత తిట్టుకున్నా పడతాను. నీ ఉత్తరం బతుకమ్మకి ముందు వచ్చింది, ఇప్పుడు కార్తీకం సగం గడిచిపోయింది. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నువ్వడిగింది ఒక్క ముక్క: "వచ్చే ఏడు మా బుజ్జిని హైదరాబాద్‌లో హాస్టల్లో పెట్టొచ్చా, భయం లేదా?" పెట్టొచ్చు అని రాద్దామంటే చేయి ఆడలేదు. వద్దు అని రాస్తే ఇరవై ఏళ్ళుగా నేనిక్కడ ఎట్లా ఉంటున్నట్టు? మొన్న గురువారం రాత్రి ఒకటి జరిగింది. అది చెప్తేగానీ నీకు జవాబు రాయలేను, అది చెప్పకపోతే నాకు నిద్రా పట్టదు.

మిగతావి గబగబా. ఇల్లు మారలేదు, యూసుఫ్‌గూడలోనే ఉన్నాం. ఆయన షుగర్ అదుపులోకి వచ్చింది. వాడు టెన్త్, పుస్తకం ముట్టడు. రెండో గొడుగు ఇంకా ఉంది, కడ్డీ కూడా విరగలేదు. అంతే.

మా మేనత్త వచ్చింది. మిర్యాలగూడ అత్త, సకినాల డబ్బా అత్త. అరవై ఆరేళ్ళు. ఎడమ కంట్లో పొర వచ్చింది, కుడి కన్ను కూడా అంతంత మాత్రమే. ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్ తీసుకుని ఒక్కతే ఎక్స్‌ప్రెస్ బస్సెక్కి వచ్చేసింది. ఆ టికెట్ ముక్క పారేయకుండా మడిచి కొంగున కట్టుకుంది. "మగతోడు లేకుండ పట్నం వచ్చుడు ఇదే మొదలు" అని వచ్చినప్పటి నుంచి ఎంతమందికి చెప్పిందో! 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక నేను గమనించింది ఒకటుంది. రాత్రి తొమ్మిదింటికి బస్సెక్కితే ఇప్పుడు లోపల ఆడవాళ్ళు కనిపిస్తారు. మన రోజుల్లో ఆ వేళకి నువ్వూ నేనూ తప్ప ఎవరుండేవాళ్ళు? మీద పడేవాళ్ళని గుచ్చే నీ పిన్నీసు పుట్టిందే ఆ బస్సుల్లో కదా. సరే, దాని సంగతి మళ్ళీ.

గురువారం కంటి డాక్టరు దగ్గర పొద్దుపోయింది. చుక్కలు వేసి, పరీక్ష చేసి, ఆపరేషన్ తప్పదన్నారు. బయటికి వచ్చాక బిర్లా మందిర్ చూపించమంది. చూపు మసగ్గా ఉంది, ఇంకోరోజు వెళ్దామంటే "దేవుడు నాకు కనపడకున్నా నేను ఆయనకు కనపడ్త గదా" అంది. ఇంకేమంటాను? వెళ్ళాం. దిగి వచ్చి అసెంబ్లీ స్టేషన్‌లో మెట్రో ఎక్కేసరికి తొమ్మిది దాటింది. అమీర్‌పేటలో దిగి నీలం లైను పట్టుకోవాలి. ఆ వేళప్పుడు అక్కడ జనం ఎట్లా ఉంటారంటే, మనం నడవక్కర్లేదు, వాళ్ళే తోసుకెళ్తారు. అత్త చేయి గట్టిగానే పట్టుకున్నాను. రాయదుర్గం బండి వచ్చింది. నేను కాలు లోపల పెట్టాను. అప్పుడే అత్త చెప్పు జారింది. వంగింది. చేయి వదిలేశాను. ఎందుకు వదిలానో నాకిప్పటికీ తెలియదు. తలుపులు మూసుకున్నాయి.

అద్దంలోంచి చూస్తున్నాను. ఒక చేతిలో చెప్పు పట్టుకుని లేచి, తలుపు వైపు కాకుండా ఇంకెటో చూస్తోంది. బండి కదిలింది. గభాలున ఫోన్ చేశాను. నా సంచిలోనే మోగింది. ఆమె బటన్ ఫోను, మందుల చీటీ, కళ్ళజోడు అన్నీ నా సంచిలోనే. ఆ ఫోను అట్లా మోగుతుంటే పక్కనున్నావిడ "మీ ఫోనేనండీ" అంటోంది. నాకు నోట మాట రాలేదు.

మధురానగర్‌లో దిగి, అటు ప్లాట్‌ఫాం మీదికి పరిగెత్తి, వెనక్కి వచ్చేసరికి పావుగంట. అత్త లేదు. స్టేషన్ వాళ్ళు మైకులో పిలిచారు. గేటు దగ్గరున్న అమ్మాయి "ఆకుపచ్చ చీర పెద్దావిడేనా? టోకెన్ వేసి బయటికి వెళ్ళిపోయారు" అంది. అటా ఇటా? గమనించలేదంది. అమీర్‌పేటలో మెట్లు ఎన్ని వైపుల దిగుతాయో నీకు తెలియదు, నువ్వు వెళ్ళిపోయేనాటికి మెట్రోనే లేదు. 2017లో కదా వచ్చింది.

అప్పటి నా మనసు నీకు చెప్పాలి. అత్తకి చెవులకి బుట్టలున్నాయి, మెడలో గుండ్లు. కళ్ళు కనపడవు. ఇరవై ఏళ్ళుగా పేపర్లో చదివినవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఆ డాక్టరమ్మాయి, బండి పంక్చరైందని సాయం కోసం ఆగినమ్మాయి. ఆ వారమంతా మా ఆఫీసులో ఏ ఆడదీ చీకటి పడ్డాక ఒంటరిగా కదల్లేదు. ఆ వారం మొదలైన అలవాటే, నా లొకేషన్ ఇద్దరికి ఇప్పటికీ పోతూనే ఉంటుంది. ఆటో ఎక్కగానే నంబరు ఫొటో. అవతల ఎవరూ లేకపోయినా చెవి దగ్గర ఫోను పెట్టుకుని "ఆ, వచ్చేశాను, గేటు దగ్గరే ఉండు" అనడం. ఇవన్నీ నేను చేస్తున్నానని కూడా మర్చిపోయేంతగా చేస్తున్నాను. ఆ జాగ్రత్తల్లో ఒక్కటీ అత్త దగ్గర లేదు.

100కి కొట్టాను. చీర రంగు, ఎత్తు, ఏ వైపు చివరిసారి చూశానో అడిగారు, బండి పంపుతామన్నారు. నిలబడలేక మైత్రీవనం వెనక సందుల్లోకి వెళ్ళాను. పగలు కోచింగ్ పిల్లలతో కాలు పెట్టడానికి చోటుండని సందులు అవి. షట్టర్లు దించేశాక వేరే ఊరు. వైన్ షాపు పర్మిట్ రూం బయట ఒక పది మంది నిలబడి ఉన్నారు. నేను ప్రతివాళ్ళ మొహంలోకీ చూసుకుంటూ పోతున్నాను కదా, వెతుక్కుంటూ. ఒకడు బండి నెమ్మది చేసి నా పక్కనే నడిపిస్తూ "ఎవరి కోసం మేడం?" అన్నాడు. మామూలు మాటే. కానీ ఆ గొంతు నీకు తెలుసు. నారాయణగూడలో ఆ రాత్రి నీతో... వద్దు, అది రాయను. నేను పరిగెత్తలేదు. వెనక్కి తిరిగి, లైట్లున్న వైపు నడిచాను. కాళ్ళు వణుకుతుంటే నడిచాను. వాడు నవ్వి వెళ్ళిపోయాడు. నలభై ఒక్కేళ్ళ నన్ను, ఈ ఊళ్ళో ప్రతి సందూ తెలిసిన నన్ను, మూడు మాటలతో తరిమేశాడు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతోంది.

మెట్రో పిల్లర్ కిందికి వచ్చాను. అక్కడ రోజూ నలుగురైదుగురు పూలమ్ముతుంటారు, కార్తీకం కాబట్టి ఇంకా ఎక్కువమంది. చేమంతుల గుట్ట, పక్కన గోనెపట్టా. ఆ పట్టా మీద మా అత్త. రెండు చెప్పులూ పక్కన పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, కనకాంబరాలు మాల కడుతోంది! కళ్ళతో పనేముంది, ఆ వేళ్ళకి ఆ ముడి అరవై ఏళ్ళుగా తెలుసు. మూరన్నర కట్టేసింది.

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. "ఏందే, ఏమైందే?" అని నన్నే అడుగుతోంది. ఎందుకు బయటికి వచ్చావు, ఎవరిని నమ్మి కూర్చున్నావు, భయం వేయలేదా అని అరిచాను. అప్పుడంది:

"ఏం భయమే? ఆడోళ్ళు కూసున్న కాడ కూసున్న."

పై నుంచి వాళ్ళ మాటలు వినపడ్డాయట. పాలమూరు యాస విని మనోళ్ళే అనుకుని దిగొచ్చిందట. పూలామె కూడా "అక్క తప్పిపోలే, మా కాడికొచ్చింది. మీరు ఎట్లయినా ఇటే వస్తరని కూసోబెట్టిన" అంది. చాయ్ కూడా తాగించింది.

పోలీసులకి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికే బయల్దేరామన్నారు, వచ్చి చూసే వెళ్ళారు. అందులో ఒక లేడీ కానిస్టేబుల్, పూలామెని పేరు పెట్టి పలకరించింది. నేను ఏడేళ్ళుగా ఆ పిల్లర్ పక్కనుంచి పోతున్నాను, నాకు ఆమె పేరు ఆ రాత్రే తెలిసింది. అత్తకి ఆ గంటలో ఆమె ఊరు, పెళ్ళి, ఇద్దరు పిల్లల చదువు అన్నీ తెలిశాయి.

ఆమె చెప్పినవి విను. వాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పోతారు. ఒక్కరే పోరు. నలుగురు కలిసి ఒకే ఆటో, ఒకే డ్రైవరు, ఏళ్ళుగా. ఒకామెకి జ్వరమొచ్చినా ఆమె వాటా డబ్బు మిగతావాళ్ళు వేస్తారు, ఆటో మాత్రం మార్చరు. నేను ఎంత పెట్టి ఏ యాప్ కొంటే దొరుకుతుంది ఇట్లాంటిది? మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటే రాత్రి పదిన్నర దాకా లేవరు. నీళ్ళు తాగరు, పిన్నీసూ. బాత్రూం లేదు కాబట్టి. పొద్దుగూకాక పోవాలంటే ఆ చీకటి సందులోకే పోవాలి, అందుకని ఎండాకాలంలో కూడా నోరు తడుపుకోవడమే. నేను క్షేమంగా ఇల్లు చేరే దారికి కాపలా వాళ్ళు, వాళ్ళ దాహానికి మాత్రం ఎవరూ లేరు.

"మేం పదిన్నరకు లేస్తం. తర్వాత ఇక్కడ ఆడపిల్ల నిలబడొద్దు మేడం, లైట్లున్నా సరే" అంది. లైట్లున్నా సరే అని రెండుసార్లు అంది. వెళ్ళేటప్పుడు ఆమే ఆటో పిలిచి, ఆమె ఫోనుతోనే నంబరు ఫొటో తీసుకుని, డ్రైవరుకి వినపడేట్టు "చేరినంక ఫోన్ చెయ్ అక్కా" అంది. నేను చేసే పనే. కానీ నా కోసం ఇంకొకరు చేస్తుంటే...

ఇప్పుడు బుజ్జి సంగతి. మన కోఠి ఉమెన్స్ కాలేజీ ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం అయింది, తెలుసు కదా. దర్బార్ హాల్ మెట్లు అక్కడే ఉన్నాయి. సీటు వస్తే తప్పకుండా చేర్చు. పోలీసుల సాయం మనప్పటిలా లేదు. 2014 అక్టోబరు నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, మఫ్టీలో బస్టాపుల్లో నిలబడి వీడియో తీస్తారు, పట్టుకుంటే తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తారు, మళ్ళీ చేస్తే కేసు. నువ్వు ఆ రోజు వెళ్తే స్టేషన్లో నిన్ను అడిగిన ప్రశ్నలు గుర్తున్నాయి నాకు. బుజ్జిని ఎవరైనా అట్లా అడిగితే నేనున్నాను.

హాస్టల్ మాత్రం పగలు చూసి డబ్బు కట్టకు. మొన్న మా ఆఫీసు అమ్మాయి కోసం ఒకటి చూడ్డానికి వెళ్ళాను. కెమెరాలు, వేలిముద్ర గేటు అన్నీ గొప్పగా చూపించారు. బస్టాపు నుంచి ఆ గేటు దాకా నాలుగు వందల అడుగులు, రాత్రి తొమ్మిదిన్నరకి మళ్ళీ నడిచి చూస్తే ఒక్క మనిషి లేడు. నువ్వు శనివారం రా. ఇద్దరం రాత్రిపూట నడుద్దాం. ఇస్త్రీ బండి ఎన్నింటి దాకా ఉంటుంది, టిఫిన్ సెంటర్ దగ్గర ఆడవాళ్ళు నిలబడి తింటున్నారా, పూలమ్మేవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు, అవి చూద్దాం. నువ్వు ఈ ఊరు వదిలి పదిహేడేళ్ళు. రాత్రి తొమ్మిదిన్నరకి నువ్వు రోడ్డు మీద నడవగలవా అని అడగను. నేను చేయి పట్టుకుంటాను. ఈసారి వదలను.

బుజ్జికి నీ పిన్నీసు ఇవ్వాలా వద్దా అని రాశావు కదా. ఇవ్వు. కానీ ఎందుకిస్తున్నావో కూడా చెప్పు. నారాయణగూడ సంగతి నువ్వే చెప్పాలి, నేను చెప్పకూడదు. అది పెద్దదయింది, అర్థం చేసుకుంటుంది. నాకైతే అనిపిస్తుంది ఇన్నాళ్ళూ మనిద్దరం దాన్ని

అత్త పిలుస్తోంది. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. పూలామెకి సకినాలు ఇచ్చి రావాలట, పదిన్నర లోపే. ఈసారి ఫోను ఆమె మెడలోనే కట్టాను. పోస్టు రేపు పొద్దున వేస్తాను. శనివారం ఏ బండికి వస్తావో రాయి.

నీ
గొడుగు